'సఫ్రజెట్టు' అను మాట



ఇంగ్లండు దేశచరిత్రము చదువునపుడు 'సఫ్రజెట్టు' అను మాట మీకు తగులును. స్త్రీలకు వోటుహక్కు కావలెనని పోరాడిన వనితల కది పేరు. ఆ మాట యెట్లు పుట్టినదో, ఎవరికి చెల్లునో నేడు మనవి చేసెదను.

లాటిను భాషలో 'సఫ్రాగియం' అనగా వోటు. దానినుండి మొదట 'సఫ్రజిస్టు' అను మాట వచ్చెను. వోటుహక్కు కోరువారు స్త్రీలైనను పురుషులైనను సఫ్రజిస్టులే. మిలిసెంట్ ఫాసెట్ గారు నాయకురాలుగా నున్న సంఘమువారు సభలు జరిపి, మహజరు లంపి, చట్టమునకు లోబడి పనిచేసిరి. 1903లో మాంచెస్టరు నగరమున ఎమెలిన్ పాంక్‌హర్‌స్టు గారు స్థాపించిన సంఘముదారి వేరు. వారు రాజకీయసభలలో లేచి నాయకులను నిలదీసిరి. తరువాత కిటికీ యద్దములు పగులగొట్టిరి. చెరసాలలో అన్నము మానిరి. వీరిని పరిహసించుటకై 1906లో 'డెయిలీ మెయిల్' పత్రిక 'సఫ్రజెట్టు' లని పేరుపెట్టెను.

పరిహాసమంతయు ఆ మాట తోకలోనే యున్నది. 'సిగారు' అనగా చుట్ట. దానికి 'ఎట్' చేరగా సిగరెట్టు, అనగా చిన్నచుట్ట యైనది. అట్లే యీ వనితలను చిన్నచేయవలెనని తలచిరి. వారో, సిగ్గుపడక ఆ పేరునే చేపట్టి, 1912లో తమ పత్రికకు 'ది సఫ్రజెట్' అని నామకరణము చేసిరి. వెక్కిరింత బిరుదమైనది.

అచ్చటి స్త్రీలలో ముప్పది యేండ్లు దాటి, ఆస్తియర్హత గలవారికి 1918లో వోటు లభించెను. పురుషులతో సమానముగా 1928లో లభించెను. ఇందుకు రెండు తెగలవారును పాటుపడిరి. అందరిని సఫ్రజెట్టు లనినచో, ఏండ్లతరబడి మహజరులు మోసినవారి శ్రమ మరుగుపడును. కావున మాటలు రెంటిని కలిపివేయరాదు.

మన చరిత్రమునను ఈ భేదము పనికివచ్చును. 1917లో మద్రాసున మాంటేగు మంత్రిని దర్శించి వోటు కోరిన సరోజినీ నాయుడు గారి బృందము వినతిమార్గమున నడచినది. వారికి మొదటిమాటయే తగును. ఆ రాయబారమునకు పూనుకొన్న మార్గరెట్ కజిన్స్ గారో, 1910లో లండనున జైలుకేగిన సఫ్రజెట్టు. 1921లో మద్రాసు రాజధానిలో ఆస్తియర్హత గల స్త్రీలకు వోటు వచ్చుటకు ఇట్టివారి కృషియే కారణము.

మీ మనుమరాండ్రకు ఈ కథ చెప్పునపుడు రెండు పేళ్లను చెప్పవలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.