గ్వాంటనామో ఖైదీ కేసు ఏ కోర్టులో వేయాలి? గెలిస్తే ఇంటికి వెళ్లినట్టేనా?

పోలీసులు తీసుకెళ్లిన మనిషి ఆచూకీ తెలియక కుటుంబసభ్యులు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారన్న వార్తలు మీరు చదివే ఉంటారు. అమెరికాలోనూ అదే పేరుతో ఈ హక్కు ఉంది. కానీ ఉగ్రవాద అనుమానంతో గ్వాంటనామోలో ఉంచినవారికి అది రాజ్యాంగ హక్కుగా దక్కడానికి ఆరేళ్లు దాటింది.

ఏ కోర్టుకు వెళ్లాలి?

మన దగ్గర ఈ పిటిషన్ హైకోర్టులో గానీ సుప్రీంకోర్టులో గానీ వేస్తారు. అమెరికాలో ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులోనే మొదలవుతుంది. ఇలాంటివి దేశంలో 94 ఉన్నాయి. పేరు చూసి మన జిల్లా కోర్టు అనుకోకండి. ఇక్కడి జడ్జిలను అధ్యక్షుడు నామినేట్ చేస్తే సెనేట్ ఆమోదించాలి. గ్వాంటనామో పిటిషన్లు వాషింగ్టన్ డీసీలోని డిస్ట్రిక్ట్ కోర్టు విచారిస్తుంది.

గొడవ ఎక్కడొచ్చింది?

గ్వాంటనామో క్యూబాలోని అమెరికా నౌకా స్థావరం. 2002 జనవరి 11న మొదటి ఖైదీలను అక్కడికి తెచ్చారు. అది అమెరికా గడ్డ కాదు కాబట్టి తమ కోర్టులకు అధికారం లేదని ప్రభుత్వం వాదించింది. 2004లో రసూల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. 2005, 2006లో పార్లమెంటు (కాంగ్రెస్) చట్టాలు చేసి ఆ దారి మూసేసింది. 2008 జూన్ 12న బూమెడియన్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ దారిని మళ్లీ తెరిచింది. తిరుగుబాటు, దండయాత్ర వేళ తప్ప ఈ హక్కును నిలిపివేయరాదని అమెరికా రాజ్యాంగం చెబుతోంది.

విచారణ ఎలా ఉంటుంది?

జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కరే. నేరం చేశాడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అల్‌ఖైదా, తాలిబన్ లేదా వాటి అనుబంధ దళాల మనిషేనా, నిర్బంధించే అధికారం ఉందా అన్నదే చూస్తారు. నిరూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. అయితే క్రిమినల్ కేసులో అడిగేంత గట్టి రుజువు అక్కర్లేదు, తమ వాదనవైపు మొగ్గు కనిపిస్తే చాలు. రహస్య పత్రాలను భద్రతా అనుమతి ఉన్న లాయర్లే చూడగలరు. తన మీద ఏముందో ఖైదీకే పూర్తిగా తెలియదు.

గెలిస్తే?

2008 నవంబరులో జడ్జి రిచర్డ్ లియోన్ అల్జీరియాలో పుట్టిన ఆరుగురి కేసులు విన్నారు. ఆధారమంతా పేరు చెప్పని ఒకే ఒక్క వ్యక్తి మాట అని తేల్చి, బూమెడియన్ సహా ఐదుగురిని విడుదల చేయమన్నారు. 2009 మేలో బూమెడియన్ ఫ్రాన్స్ చేరుకున్నారు.

అందరికీ అలా జరగలేదు. చైనాకు చెందిన 17 మంది వీగర్లను అమెరికాలోకి వదలాలని అదే కోర్టులోని మరో జడ్జి 2008 అక్టోబరులో ఆదేశించారు. దేశంలోకి రానివ్వమనే అధికారం జడ్జికి లేదంటూ అప్పీలు కోర్టు 2009 ఫిబ్రవరిలో కొట్టేసింది. చైనాకు పంపితే హింసిస్తారన్న భయం. దాంతో తీసుకునే దేశం దొరికేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు. చివరి ముగ్గురు స్లొవేకియాకు వెళ్లేసరికి 2013 డిసెంబరు ముగుస్తోంది.

కాబట్టి ఇలాంటి తీర్పు వార్త చూసినప్పుడు రెండు విషయాలు గమనించండి. అప్పీలు ఉందా? ఆ మనిషిని తీసుకునే దేశం ఉందా? జడ్జి సంతకం తర్వాత విడుదల ఈ రెండింటి మీదే ఆధారపడుతుంది.