తక్కువ ఖర్చుతో బలమైన భోజనం

ఇంటి ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినపుడు మనం మొదట తగ్గించేవి పప్పు, పెరుగు, కూరలు. అన్నంతో కడుపు నిండుతుంది గనుక లోటు వెంటనే తెలియదు. కొన్ని నెలలకు పెద్దలలో నీరసంగాను, పిల్లలలో ఎదుగుదల లోపంగాను అది బయటపడుతుంది. తిన్న ఆహారం రసధాతువుగా మారి, తక్కిన ధాతువులను పోషించాలని ఆయుర్వేదం చెప్తుంది. కడుపు నింపినదంతా ధాతువులను పోషించదు.

కరువు నేర్పిన పాఠం

మా కణేకల్‌లో ఒక ప్రక్క తుంగభద్ర ఎగువ కాలువ క్రింద వరిమళ్లు; మరొక ప్రక్క వేదవతీ నది ఇసుకదిబ్బలు, వానకై ఎదురుచూచే వేరుశనగ చేలు. 1876–78 మహాక్షామం నాటికి ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులు చేసే మగకూలీకి రోజుకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యానికి సరిపడే సొమ్ము, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీనిని ఎదిరించాడు. ధాన్యం పెంచాలనీ, దానితోపాటు పప్పు, కూరలు ఉండాలనీ ఆయన వాదించాడు. కొన్ని నెలలకే కూలి పెంచక తప్పలేదు.

ఒక మనిషికి ఒక రోజు

350 గ్రాముల తెల్లబియ్యంలో మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు. 60 కిలోల బరువు గల మనిషికి కావలసినవి సుమారు 50 గ్రాములు. ఈ లోటును ఇలా పూరించవచ్చును:

బియ్యం 175 గ్రాములు, జొన్నలు 175 గ్రాములు, ఉలవలు 60 గ్రాములు, వేరుశనగ విత్తనాలు 30 గ్రాములు, ఒక చిన్న గిన్నెడు పెరుగును చిలికిన మజ్జిగ, గుప్పెడు ఆకుకూర.

శారీరక శ్రమ చేసేవారు ధాన్యం పెంచుకోవాలి. 2013 ఆహార భద్రతా చట్టం క్రింద కార్డుగల కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం లభిస్తుంది. అంటే రోజుకు సుమారు 165 గ్రాములు. అక్కడ మిగిలిన సొమ్మును పప్పుధాన్యాలకు వెచ్చించాలి. జొన్నలకు బదులు వారానికి రెండు మూడు రోజులు రాగులు వాడితే ఎముకలకు సున్నం లభిస్తుంది. మునగాకు, తోటకూర పెరటిలోనే పెంచుకోవచ్చును.

నా వద్దకు ఒక పింఛనుదారు వృద్ధురాలు మోకాళ్ల నొప్పికి తైలం కోరి వచ్చింది. మనుమని చదువుకు డబ్బు పంపుతూ, తాను రెండు పూటలా అన్నం, ఊరగాయలతో గడుపుతున్నది. ఆకలివేళ టీ త్రాగుతున్నది. టీ ఆకలిని చంపుతుందే గాని శరీరాన్ని పోషించదు. తైలంతోపాటు ఉలవలు, రాగి అంబలి, మజ్జిగ పథ్యంగా చెప్పాను. టీ ఖర్చు ఉలవలకు సరిపోయింది. మూడు నెలలకు ఆమె తన ఇంటి మెట్లు తానే ఎక్కగలిగింది.

ఉలవలతో రెండు వంటకాలు

ఉలవలను రాత్రి నానబెట్టి, ఉదయం మెత్తగా ఉడికించి నీటిని వార్చాలి. ఆ కట్టులో చింతపండు, మిరియాలు, వెల్లుల్లి వేసి కాచిన చారు అన్నానికీ సంగటికీ సరిపోతుంది. ఉడికిన గింజలకు ఆవాలు, జీలకర్ర, కరివేపాకుతో తాలింపు పెడితే గుగ్గిళ్లు సిద్ధం. చారు మాత్రమే త్రాగి గింజలు పారవేయరాదు. బలం ఎక్కువగా ఉన్నది గింజలలోనే.

జాగ్రత్తలు

ఉలవలు ఉష్ణవీర్యం కలవి. వాత కఫాలను తగ్గిస్తాయి. కడుపులో మంట, రక్తస్రావ లక్షణాలు గలవారు వాటికి బదులు పెసలు వాడాలి. బూజు పట్టిన, నల్లబడిన, చేదెక్కిన వేరుశనగ విత్తనాలను వేయించినా తినరాదు. మూత్రపిండ వ్యాధిగ్రస్తులు వైద్యుని సలహా లేనిదే పప్పు పెంచరాదు. చాలా రోజులు తిండి సరిగా లేనివారికి ఒక్కసారిగా పెద్ద భోజనం పెట్టరాదు. ముందు పలుచని గంజి, పిదప జావ, తరువాత మెత్తని అన్నం కొద్దికొద్దిగా ఇవ్వాలి.

గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు ఆహారంలో పొదుపు పనికిరాదు. అందరూ తిన్న తరువాత మిగిలినది తినే గృహిణి, వడ్డనకు ముందే తన వంతు పప్పును వేరొక గిన్నెలో తీసి ఉంచుకోవాలి.