క్లచ్ పెడల్ మెత్తబడితే? ఇంటి వద్దనే గాలి తీసే విధానం

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి ప్రాంతాల గ్రామాల నుండి వైద్యం కోసం బరంపురం వెళ్లేవారు అనేకులు. గిరిసోల వద్ద రాష్ట్ర సరిహద్దు దాటి, పదహారో నంబరు జాతీయ రహదారి మీదుగా ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి చేరడం ఈ కుటుంబాలకు అలవాటైన ప్రయాణమే. చికిటి, పాత్రపూర్ వైపు తెలుగువారికీ చివరి గమ్యం ఆ పట్టణమే. అటువంటి ప్రయాణానికి అర్ధరాత్రి కారు తీస్తే క్లచ్ పెడల్ నేలకు అంటుకుపోయి, గేరు పడనని మొరాయిస్తే ఆ ఇంటివారి పరిస్థితి ఊహించవచ్చు. అయితే ఈ లోపం ఒక్క రాత్రిలో వచ్చేది చాలా అరుదు. ముందుగా కొన్ని సూచనలు ఇస్తుంది. వాటిని గుర్తిస్తే, ఇద్దరు మనుషులు గంటసేపు ఓపికగా పనిచేసి ఇంటి ముంగిట్లోనే సరిచేయగల సందర్భాలు ఉన్నాయి. చేయరానివీ ఉన్నాయి. ఈ రెంటి మధ్య తేడా తెలియడమే ముఖ్యం.

గాలి చేరితే ఏమవుతుంది?

మారుతీ 800, ఆల్టో వంటి చిన్న కార్లలో క్లచ్‌ను ఇనుప తీగ లాగుతుంది. దానిని కేబుల్ క్లచ్ అంటారు. అందులో తీసివేయడానికి గాలి ఉండదు. ఇన్నోవా వంటి బండ్లలో తీగకు బదులు ద్రవం పనిచేస్తుంది. పెడల్ తొక్కగానే దాని పైనున్న మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని గొట్టంలోకి నెడుతుంది. గేర్‌బాక్స్ వద్దనున్న స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడిని అందుకొని క్లచ్‌ను విడదీస్తుంది. మూసిన పాత్రలోని ద్రవం మీద కలిగించిన ఒత్తిడి అంతటికీ సమానంగా వ్యాపిస్తుందని పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం.

ద్రవం నొక్కితే కుదించుకుపోదు. గాలి కుదించుకుపోతుంది. సైకిలు పంపు మూతిని బొటనవేలితో మూసి నొక్కితే పిడి కొంత దూరం మెత్తగా దిగుతుంది గదా! గొట్టంలో గాలిబుడగ ఉన్నప్పుడు పెడల్ అలాగే దిగుతుంది. కాలి బలమంతా బుడగను నొక్కడానికే సరిపోతుంది, క్లచ్ పూర్తిగా విడిపోదు. అందువల్లనే గేరు గట్టిగా పడుతుంది, రివర్స్ వేసేటప్పుడు కరకరమని శబ్దం వస్తుంది.

ముందు రోగనిర్ణయం

పెడల్ మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు వెంటవెంటనే తొక్కితే కొంత గట్టిపడి గేరు పడుతున్నదంటే గాలి చేరిందని అనుమానించవచ్చు. పెడల్ తొక్కి పట్టి ఉంచినప్పుడు అది మెల్లగా తనంతట తాను కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగిందన్నమాట. పెడల్ వద్ద కాళ్ల కింది పట్టా తడిసి ఉన్నా, గేర్‌బాక్స్ పక్కన ద్రవం కారుతున్నా ఆయా సిలిండర్లను మరమ్మతు చేయించవలసిందే.

తప్తపాణి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ మాత్రం గట్టిగా అరుస్తూ, బండి వేగం పుంజుకోక, కాలిన వాసన వస్తుంటే అది వేరే వ్యాధి. సాధారణంగా క్లచ్ ప్లేటు అరిగినప్పుడు ఇలా జరుగుతుంది. గాలి తీసినందువల్ల దానికి ప్రయోజనం లేదు.

కావలసిన వస్తువులు

నిపుల్‌కు సరిగ్గా పట్టే రింగు పానా, చేపల తొట్టెలకు వాడే పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టం, ఒక సీసా, శుభ్రమైన గుడ్డలు, బకెట్ నీరు, కొత్త బ్రేక్ ఆయిల్ డబ్బా. క్లచ్‌కు వాడేది సాధారణంగా బ్రేక్ ఆయిలే. డాట్ 3 వాడాలా, డాట్ 4 వాడాలా అన్నది ద్రవపు డబ్బా మూత మీదనో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క కూడా పోయరాదు. దానివల్ల లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి.

మూత తీసి చాలాకాలం ఉంచిన పాత డబ్బా పనికిరాదు. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా ఉండాలి. నీరు చేరినప్పుడు ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 విషయంలో ఇవి 230, 155 డిగ్రీలు. నీరు చేరితే సిలిండర్ లోపల తుప్పు కూడా పడుతుంది. గోపాలపూర్ నుండి చిల్కా వరకు సముద్రపు తేమగాలి తగిలే ఈ ప్రాంతంలో రెండేళ్లకొకసారి ద్రవం మార్చడం శ్రేయస్కరం.

చేయవలసిన పద్ధతి

బండిని సమతలమైన నేల మీద నిలిపి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. అనేక బండ్లలో స్లేవ్ సిలిండర్ బానెట్ ఎత్తితే పైనుండే చేతికి అందుతుంది. కిందికి దూరవలసి వస్తే జాకీని మాత్రమే నమ్ముకోరాదు. ఇటుకలూ నమ్మదగినవి కావు, బరువుకు పగిలిపోతాయి. బండి బరువు మోయగల ఇనుప స్టాండ్లు లేనప్పుడు ఆ పని మెకానిక్‌కు వదిలివేయడమే క్షేమం.

ద్రవపు డబ్బా మూత చుట్టూ తుడిచి, పై గీత వరకు నింపాలి. నిపుల్‌కు గొట్టం తొడిగి, రెండవ కొసను కొద్దిగా ద్రవం పోసిన సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ వద్ద, మరొకరు నిపుల్ వద్ద ఉండాలి. మాటలు ముందే అనుకోవాలి: ‘తొక్కు’, ‘పట్టుకో’, ‘వదులు’. సాయానికి వచ్చిన పొరుగువారు ఒడియావారైతే ‘దబాఅ’, ‘ధరి రఖ’, ‘ఛాడ’ అంటే సరి.

‘తొక్కు’ అనగానే పెడల్‌ను నెమ్మదిగా చివరి వరకు దించి, అలాగే పట్టి ఉంచాలి. అప్పుడు నిపుల్‌ను పావు చుట్టు విప్పితే ద్రవంతో పాటు బుడగలు వస్తాయి. ప్రవాహం ఆగకముందే నిపుల్ బిగించాలి. బిగించిన తరువాతనే ‘వదులు’ అనాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పోయి, చేసిన శ్రమ వ్యర్థమవుతుంది. పెడల్ తనంతట పైకి రాకపోతే చేతితో ఎత్తాలి.

నాలుగైదు సార్లకొకసారి పైడబ్బా చూసి నింపుతుండాలి. చాలా కార్లలో బ్రేకులకూ, క్లచ్‌కూ ద్రవం ఒకే డబ్బా నుండి వెళుతుంది. అది అడుగంటితే గాలి బ్రేకుల గొట్టాలలోకి కూడా ప్రవేశించవచ్చు. అప్పుడు గేరు పడకపోవడం కాదు, బండి ఆగకపోవడమే సమస్య అవుతుంది. అటువంటి అనుమానం వస్తే బ్రేకులు పరీక్ష చేయించనిదే బండి రోడ్డెక్కరాదు.

బుడగలు ఆగి, తేటైన ద్రవం వచ్చే వరకు ఇలాగే చేయాలి. చివర నిపుల్‌ను తగినంతగా మాత్రమే బిగించాలి. అతిబలం ప్రయోగిస్తే అది విరుగుతుంది. పిమ్మట ఫుట్‌బ్రేక్ తొక్కి ఉంచి, ఇంజన్ నడిపి, క్లచ్ తొక్కి కొన్ని క్షణాలాగి రివర్స్ వేయాలి. శబ్దం లేకుండా పడితే పని ఫలించినట్లే.

పిల్లలున్న ఇంట జాగ్రత్త

బ్రేక్ ఆయిల్ విషపదార్థం. తీసిన ద్రవాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టరాదు. చెరువులోనో, బావి పక్కనో పారబోయరాదు. మూత బిగించి, పేరు రాసి మెకానిక్ షెడ్డుకు అప్పగించాలి. బండి రంగు మీద పడితే రంగు లేచిపోతుంది కనుక వెంటనే నీటితో కడగాలి. కంట్లో పడితే ధారాళంగా నీటితో కడిగి వైద్యునికి చూపాలి.

మానుకోవలసిన సందర్భాలు

కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. అది కారితే గేర్‌బాక్స్ దింపవలసిందే. కొన్ని బండ్లకు గాలి తీయడానికి ప్రత్యేక యంత్రం అవసరం. రోగిని తీసుకుపోయే వేళ మరమ్మతుకు దిగడం అసలే తగదు. ఆంధ్రలోనైనా, ఒడిశాలోనైనా 108కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే సహాయానికి 1033 నంబరు ఉంది.

చివరగా ఒక మాట. మూసి ఉన్న గొట్టంలోకి గాలి ఊరకే రాదు. ఎవరైనా విప్పి బిగించినప్పుడో, ద్రవం అడుగంటినప్పుడో, రబ్బరు అరిగి కారుతున్నప్పుడో వస్తుంది. గాలి తీసిన వారం పది రోజులకే పెడల్ మళ్లీ మెత్తబడిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. మరల మరల గాలి తీస్తూ కాలం గడపక, పగటిపూట, బండి ఇంకా నడుస్తుండగానే బరంపురంలోనో, ఇచ్ఛాపురంలోనో మెకానిక్‌కు చూపించాలి. అర్ధరాత్రి అవసరానికి బండి సిద్ధంగా ఉండాలంటే ఇదే మార్గం.