తెర వెనుక కబురందుకొనే పనివాడు

శీతలీకరణ కేంద్రాల తనిఖీకి వెళ్ళినప్పుడు మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. కంప్యూటర్లన్నిటినీ తీగతో కలిపినాము గదా, పరీక్ష గది నుండి లెక్కల గదికి నేరుగా కబురు పంపుకొనవచ్చునా అని.

పంపుకొనవచ్చును. కాని పంపేవారి యంత్రం ఒక్కటే సిద్ధంగా ఉంటే చాలదు. అందుకొనే యంత్రంలో కూడా తెరమీద కనబడకుండా ఒక ప్రోగ్రాము కాచుకొని ఉండవలెను. యూనిక్స్ వాడుకలో దీనిని డీమన్ అంటారు. పేరు విని జడవనక్కరలేదు, చెప్పిన పని చేసే బుద్ధిమంతుడే.

1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వెలువరించిన 4.2 బి.ఎస్.డి. యూనిక్స్‌లోని టాక్ ఇందుకు మంచి ఉదాహరణ. లినక్స్ యంత్రాలకు ఇప్పటికీ దొరుకుతుంది. దాని డీమన్ పేరు టాక్‌డి. సాధారణంగా ఐనెట్‌డి అనే మరొక డీమన్ వాకిట కూర్చుండి, 518వ పోర్టుకు పిలుపు రాగానే దీనిని లేపుతుంది, ట్యాంకరు రాగానే కాపలాదారు పరీక్షకుని లేపినట్లు. టాక్‌డి లేచి, పిలువబడిన మనిషి ఆ యంత్రంలో లాగిన్ అయి ఉన్నాడో లేదో చూచి, ఉంటే అతని తెరమీద ఫలానావారు పిలుచుచున్నారని వ్రాస్తుంది. అతడు తిరిగి టాక్ ఆదేశమిచ్చిన వెంటనే తెర రెండు భాగాలై, ఇద్దరూ నేరుగా కలుస్తారు. అక్కడితో డీమన్ పని సరి. ఒక్కొక్క అక్షరం, దిద్దుబాటుతో సహా, ఎదుటివారికి కనబడుతూనే ఉంటుంది. వద్దనుకొన్నవారు 'మెసేజ్ ఎన్' అనే అర్థంలో ఎం.ఇ.ఎస్.జి. ఎన్ అని కొట్టి పిలుపులు రాకుండా చేసుకొనవచ్చును.

విండోస్‌లో ఇటువంటి మెసెంజర్ సేవ ఉండేది. 'నెట్ సెండ్' అని పంపితే ఎదుటి తెరమీద చిన్న పెట్టె తెరుచుకొనేది. 2003 ప్రాంతంలో ఒక కేంద్రంలో, ఒక సంఘం వెన్న శాతం తప్పు పడినది, దిద్దవలెనని పరీక్ష గది నుండి అలాగే కబురు పోయింది. గుమాస్తా భోజనానికి లేచినాడు. దారిన పోయేవారెవరో ఓకే నొక్కినారు, పెట్టె మాయమైంది. ఆ పూట పాలకు సభ్యులకు తక్కువ ధర కట్టినారు. తనిఖీలో మేము అడిగితే పంపినానని ఒకరు, చూడలేదని ఒకరు. ఇద్దరూ నిజమే చెప్పినారు! కాగితం మీద మాత్రం ఆనవాలు లేదు. ఆ తేడా సొమ్ము రాబట్టడానికి రెండు పక్షాలు పట్టింది.

ఆ సేవకు మరొక తెగులు కూడా పట్టింది. ఎవరు పిలిచినా పలికేది గనుక 2002 నుండి ప్రకటనలవాళ్ళు ఇంటర్నెట్ గుండా అందులో దూరినారు. 2003 అక్టోబరులో దానిలో భద్రతాలోపం బయటపడింది. 2004లో ఎక్స్‌పి రెండవ సర్వీస్ ప్యాక్‌తో మైక్రోసాఫ్టువారు దానిని ఆపి ఉంచినారు, విస్టాలో తీసివేసినారు.

కనుక టాక్ వాడదలచినవారు 518వ పోర్టును బయటి ఇంటర్నెట్‌కు మూసి, కేంద్రం లోపలి యంత్రాలకే తెరచి ఉంచవలెను. మాటలు రహస్య లిపిలో పోవు, కనుక సంకేత పదాలు, బ్యాంకు వివరాలు అందులో వ్రాయరాదు. వెన్న శాతం దిద్దుబాటు తెరమీద చెప్పుకొన్నా, ట్రక్ షీటు మీద వ్రాసి ఇద్దరూ సంతకం చేసిన పిదపనే బిల్లు కట్టవలెను.