ఇంటి గుట్టు దాటిన మాట: న్యూజెర్సీ ‘మానవి’

న్యూజెర్సీలో 1985లో ఆరుగురు భారతీయ స్త్రీలు కలిసి నెలకొల్పిన సంస్థ ‘మానవి’. దక్షిణాసియా కుటుంబాల్లో ఆడవాళ్లపై జరిగే హింసను ఎదుర్కోవడానికే అమెరికాలో పుట్టిన సంస్థల్లో ఇదే మొదటిది. వ్యవస్థాపకుల్లో ఒకరైన షమితా దాస్ దాస్‌గుప్తా మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు.

అప్పటికే అమెరికాలో బాధిత స్త్రీలకు ఆశ్రయ గృహాలున్నాయి. కానీ అక్కడి భాష, తిండి, పద్ధతులు కొత్తవి. అత్తమామలు, ఆడపడుచులు కూడా హింసలో పాలుపంచుకుంటారన్న సంగతి అక్కడివారికి అర్థమయ్యేలా చెప్పడమే కష్టం. మనవాళ్ల మధ్య చెప్పుకోవడం అంతకన్నా కష్టం. చదువుకున్నవాళ్లం, పెద్ద ఉద్యోగాలవాళ్లం, మన ఇళ్లలో అలాంటివి ఉండవన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయిన కాలమది. ఆ నమ్మకాన్ని బహిరంగంగా ప్రశ్నించడమే మానవి చేసిన మొదటి మేలు. తర్వాత 1989లో న్యూయార్క్‌లో ‘సఖి’, 1991లో కాలిఫోర్నియాలో ‘మైత్రి’, 1995లో అట్లాంటాలో ‘రక్ష’, 1996లో హ్యూస్టన్‌లో ‘దయ’ వచ్చాయి. మానవి 1997లో ‘ఆశియానా’ అనే వసతి గృహాన్ని తెరిచింది. కొద్ది వారాల్లో ఖాళీ చేయాల్సిన తాత్కాలిక ఆశ్రయం కాదది. ఉద్యోగం, ఇల్లు చూసుకుని నిలదొక్కుకునేదాకా నెలల తరబడి ఉండే చోటు.

వలస వచ్చిన ఇల్లాలిని కట్టిపడేసేది చాలాసార్లు దెబ్బ కన్నా కాగితం. 1986 నాటి చట్టం ప్రకారం, పెళ్లయి రెండేళ్లు నిండకుండా వచ్చే గ్రీన్‌కార్డు షరతులతో కూడినది. షరతు తొలగాలంటే భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. ఆ సంతకమే బెదిరింపు సాధనమైంది. హింసకు గురైన వారికి 1990లో మినహాయింపు దొరికింది. భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే భార్య తనంతట తానే దరఖాస్తు చేసుకునే వీలు 1994 చట్టంతో కలిగింది. తెలుగువారికి బాగా తెలిసిన హెచ్-4 వీసా ఈ పరిధిలోకి రాదు. భర్త ఉద్యోగం మీద ఆధారపడి వచ్చిన భార్య ఏళ్ల తరబడి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015లో ఇచ్చిన పని అనుమతి కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశకు చేరినవారికే. నేరానికి గురై పోలీసులకు సహకరించేవారికి 2000 చట్టం తెచ్చిన యు-వీసా ఒక దారి. అయితే ఏడాదికి ఇచ్చేవి 10,000 మాత్రమే. బీటెక్, ఎంబీఏ చదివిన అమ్మాయి సైతం సొంత బ్యాంకు ఖాతా లేక, ‘నిన్ను ఇండియా పంపించేస్తా’ అన్న మాటకు భయపడి నోరు మెదపకపోవడానికి కారణం ఇక్కడుంది. ఆమెది పిరికితనం అనడం అన్యాయం.

అందుకే చైతన్యం కలిగించడమంటే ఉపన్యాసాలతో సరిపోదు. అక్టోబరును గృహహింస అవగాహన మాసంగా పాటించడం మంచిదే, కానీ బాధితురాలు ఆ సభలో భర్త పక్కనే కూర్చుని ఉండవచ్చు. కిరాణా కొట్టులో, గుడిలో ఆడవాళ్ల బాత్రూం తలుపు వెనక అంటించిన చిన్న కాగితం ఎక్కువ ఉపయోగం. అడుగున సహాయ సంస్థ నంబరు వరుసగా రాసి, చింపుకుని జాకెట్లో దోపుకునేంత ముక్కలుగా కత్తిరించి ఉంచితే చాలు. తెలుగు సంఘాల్లో పెద్దలు నేర్చుకోవలసిందీ ఉంది. సాయం కోరి వచ్చిన అమ్మాయితో ‘సర్దుకుపోమ్మా’ అనకూడదు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీ చేయకూడదు. భర్త ముందు చెప్పిన ప్రతి మాటకూ ఆమె ఇంటికెళ్లాక మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

బాధితురాలు తన పాస్‌పోర్టు, ఐ-94 ప్రవేశ పత్రం, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన పత్రాలు, వీటి నకళ్లు నమ్మకమైన స్నేహితురాలి దగ్గర ఉంచుకోవాలి. తక్షణ ప్రమాదముంటే 911కు, లేదంటే ఇరవై నాలుగు గంటలూ పనిచేసే జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233కు ఫోన్ చేయవచ్చు. ఇంగ్లిష్ ఇబ్బందైతే దుబాసీని అడగవచ్చు. కుటుంబ ఫోన్ ప్లాన్‌లో చేసిన కాల్స్ భర్త కంటపడే అవకాశముంది కనుక ఆ ఫోన్ మరొకరి సెల్ నుంచి చేయడం మేలు.