ట్రాలీ ధడధడలాడుతోందా? ముందు పిన్ను చూడండి!

వడ్లు దింపి ఖాళీగా తిరిగొచ్చే ట్రాక్టరు మన రాజీవ్ రహదారి మీద కనపడకముందే వినపడుతుంది. సుల్తానాబాద్, పెద్దపల్లి మిల్లుల నుంచి ఊళ్లకు మళ్లేవేళ ఆ ధన్‌ధన్ చప్పుడు మన చెవులకు అలవాటైపోయింది. "ఖాళీ డబ్బా గదా, గట్లనే కొడతది" అంటాడు డ్రైవరు. లోడుతో పోయినప్పుడు చప్పుడు లేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. పొరపాటు అక్కడే ఉంది.

ట్రాక్టరు వెనుక హుక్కులో ట్రాలీ రింగు కూర్చుంటుంది. రెండింటినీ కలిపేది నిలువుగా దిగే ఒక్క పిన్ను. లోడు ఉన్నప్పుడు బరువు రింగును కిందికి అదిమి పెడుతుంది కనుక ఎగరదు, చప్పుడు రాదు. ఖాళీ అయితే గుంత గుంతకూ ఎగిరి కొడుతుంది. అంటే లోడు వేస్తే చప్పుడు పోయిందే గాని వదులు పోలేదు. 40 కిలోల బస్తాలు వంద వేస్తే నాలుగు టన్నులు. బ్రేకు తొక్కగానే ఆ నాలుగు టన్నులూ సందు మేర ముందుకు జరిగి పిన్నును గుద్దుతాయి. క్లచ్చు వదలగానే మళ్లీ వెనక్కి గుంజుతాయి. సందు ఎంత పెరిగితే దెబ్బ అంత గట్టిది. దెబ్బ గట్టిదైన కొద్దీ సందు ఇంకా పెరుగుతుంది.

రామగుండం, గోదావరిఖని వైపు తిరిగే బండ్లకు ఇంకో బాధ ఉంది. రోడ్డు మీది బొగ్గు పొడి, బూడిద, ఇసుక పిన్ను దగ్గరి గ్రీజుకు అంటుకుని సాన పట్టినట్టు ఇనుమును రాస్తాయి. పాత గ్రీజు మీదే కొత్త గ్రీజు పూస్తే మురికిని లోపలికి తోసినట్టే. గుడ్డతో శుభ్రంగా తుడిచాకే పూయండి.

పరీక్షకు పెద్ద పనిముట్లేమీ అక్కరలేదు. చదునైన చోట ఖాళీ ట్రాలీని ఆపి, ఇంజిను బందు చేసి, హ్యాండ్ బ్రేకు వేయండి. ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ఇద్దరు మనుషులు ట్రాలీని చేతులతో ఊపితే వదులు ఎక్కడుందో కంటికే తెలుస్తుంది. ఒక్కోసారి చప్పుడు పిన్నుది కాదు, హుక్కును ట్రాక్టరుకు పట్టి ఉంచే బోల్టులది. వెనుక డాల గొలుసులు కూడా మోగుతాయి, వాటితో ప్రమాదం లేదు.

తర్వాత ట్రాలీ ముందు భాగం కింద గట్టి మొద్దు ఆనించి, కాళ్లు దూరంగా పెట్టుకుని పిన్ను తీయండి. రింగు తగిలే చోట నడుము సన్నబడి ఉంటుంది. అరగని చోట ఒకసారి, అరిగిన చోట ఒకసారి దారం చుట్టి కొలవండి. దారంలో 6 మిల్లీమీటర్ల తేడా వస్తే పిన్ను సుమారు 2 మిల్లీమీటర్లు అరిగినట్టు. అలాంటిదాన్ని వెల్డింగుతో నింపించకండి. కాలిన చోట ఇనుము గుణం మారి, అక్కడే విరిగే ప్రమాదం ఉంది. స్లాబు సలాక ముక్కను పిన్నుగా వాడటం అంతకన్నా తప్పు. ట్రాక్టరు కంపెనీ చెప్పిన సైజు, అదే రకం గట్టి ఉక్కు పిన్నే కొనండి. హుక్కు రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డులా సాగి ఉంటే కొత్త పిన్ను వేసినా లాభం లేదు. ఆ భాగమే మార్చాలి, లేదా లేత్ పని బాగా తెలిసిన మేస్త్రీతో బుష్ వేయించాలి. రింగు సన్నబడినా, పగులు కనిపించినా రింగు మార్చాల్సిందే.

చాలామంది చేసేది వేరు. పాత టైరు ముక్క కోసి సందులో కుక్కుతారు. చప్పుడు ఆగుతుంది, అరుగుదల ఆగదు. పైగా హెచ్చరించే గొంతు నొక్కినట్టవుతుంది. ఇనుమంతా బాగుండి, రింగుకు పైన కింద మాత్రమే సందు ఉంటే దళసరి ఇనుప వాషర్లు వేసుకోవచ్చు. అలాగని అసలు కదలకుండా బిగించొద్దు. ఒడ్డు ఎక్కేటప్పుడు, మలుపులో రింగు అటూ ఇటూ వాలాలి. ఆ చోటు లేకపోతే రింగో, ట్రాలీ ముందు కమ్మీయో పగులుతుంది. కాస్త చప్పుడు ఉండనీయండి, ఫరవాలేదు.

పిన్ను కింద లాకు మరవద్దు. లాకు స్థానంలో మేకు వంచి పెట్టిన ట్రాలీని, సుతిలి తాడు కట్టిన ట్రాలీని కూడా ఈ విలేకరి చూశాడు. ఎగిరెగిరి పడే పిన్నుకు సుతిలి ఎంతసేపు ఆగుతుంది? ట్రాలీకీ ట్రాక్టరుకూ మధ్య గట్టి గొలుసు కూడా ఉంటే పిన్ను పోయినా ట్రాలీ దారి తప్పి ఎదుటివారి మీదికి పోదు.

బస్తాలన్నీ వెనక్కి పేర్చినా ఇదే తిప్పలు. డీ-83 కాలువ కట్టలాంటి ఎత్తు ఎక్కేటప్పుడు వెనుక బరువు ట్రాలీ ముక్కును పైకి లేపుతుంది, రింగు పిన్నును పైకి తన్నుతుంది. ఇరుసు మీద, కొంచెం ముందుకు మొగ్గేలా బరువు వేయండి. కూలీలను మాత్రం ట్రాలీలో ఎక్కించకండి. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వలిగొండ మండలంలో కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దానికి కారణం పిన్ను అని కాదు. ట్రాలీలో పట్టుకోవడానికి, తప్పించుకోవడానికి ఏ ఆధారమూ ఉండదని చెప్పడానికే.

మీకు సొంత ట్రాక్టరు లేకపోవచ్చు. కిరాయి బండి అయినా అందులో వడ్లు మీవే. బస్తాలు ఎత్తకముందే "తమ్మీ, పిన్ను, లాకు ఒకసారి చూపియ్" అని అడగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. కొత్త పిన్ను వేయించిన రోజు పాతదాన్ని టూల్ బాక్సులో పెట్టనివ్వకండి. రాత్రి తొందరలో చేతికి మళ్లీ అదే దొరుకుతుంది.