‘మహేశ్వరం’ అని టైపు చేస్తే లోపల ఏం జరుగుతుంది?

రంగారెడ్డి జిల్లా మహేశ్వరంలో తహసీల్దారుకు అర్జీ పెట్టుకునే రైతు ఊరి పేరు రాయక తప్పదు. ఆ పేరు మన కంటికి నాలుగే అక్షరాలు: మ, హే, శ్వ, రం. కంప్యూటరు మాత్రం దాన్ని ఎనిమిది సంఖ్యలుగా దాచుకుంటుంది: మ, హ, ఏత్వం, శ, పొల్లు, వ, ర, సున్న. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం ‘శ్వ’కు విడిగా సంఖ్య ఇవ్వలేదు. శ, పొల్లు, వ వరసగా వస్తే వకారాన్ని వత్తుగా మార్చి చూపించే పని ఫాంటులోని నియమాలది, వాటిని అమలు చేసే ‘హార్ఫ్‌బజ్’ లాంటి ప్రోగ్రాములది. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ వాడుకునే హార్ఫ్‌బజ్ ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామే.

యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఈనాడు, వార్త వంటి పత్రికల వెబ్‌సైట్లు దేని ఫాంటు అది వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెర మీద అర్థంలేని గుర్తులే. నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చేది. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టినదాన్నీ తెలుగు చేసేది. కానీ దాన్ని బ్రౌజరులో పొడిగింతగా చేర్చుకోవాలి. కంప్యూటరు కొత్తగా పట్టినవారికి అక్కడే చిక్కు.

2006లో వీవెన్ అనే ఆయన ఆ పద్మ ఆధారంగానే ‘లేఖిని’ అనే వెబ్‌పేజీని తెచ్చారు. రెండే గడులు. పై గడిలో ఎం, ఏ, హెచ్, పెద్ద ఈ, పెద్ద ఎస్, వి, ఏ, ఆర్, ఏ, పెద్ద ఎం కొడితే కింది గడిలో ‘మహేశ్వరం’ వస్తుంది. ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. లోపలి లెక్క ఒక్కటీ తగ్గలేదు, దాన్ని మోసే బాధ్యత మాత్రం వాడేవారి నుంచి తయారుచేసినవారికి మారింది. సాఫ్ట్‌వేర్‌ను సులభం చేయడమంటే ఇదే. పద్మ కోడు అందరికీ తెరిచి ఉండబట్టే మరొకరు దాని మీద ఈ పని చేయగలిగారు.

అయినా పని పూర్తి కాలేదు. చిన్న ఎస్ కొడితే ‘శ’ బదులు ‘స’ పడుతుంది. ఇంగ్లిషు అక్షరాలే రానివారికి ఈ దారి అసలు పనికిరాదు. వారికి తెలుగు అక్షరాలే కనిపించే ఫోను కీబోర్డు మేలు. అందుకే ఇలాంటి పరికరాలు తయారుచేసే యువతీయువకులు మొదట అర్జీ రాసుకునేవారి పక్కన కూర్చోవాలి. వారి వేలు ఎక్కడ ఆగిపోతోందో గమనించి, ఆ చోటును సరిచేయాలి. పద్మ లాంటి వాటి కోడు తెరిచే ఉంది కనుక అందుకు ఎవరినీ విడిగా అనుమతి అడగక్కర్లేదు.